తాడు వదిలే చెయ్యి

మాస్టారి కుడికాలి సంగతి ముందే చెప్పుకోవాలి. లేకపోతే తరవాత జరిగినదానికి తలా తోకా ఉండదు.

మాస్టారంటే బళ్ళో ఎక్కాలు చెప్పే మాస్టారు కాదు, కారు నేర్పే మాస్టారు. ఆయన కారులో పక్క సీటు కింద కూడా ఒక బ్రేకు ఉంటుంది. నేర్చుకునేవాళ్ళు స్టీరింగును కావిలించుకుని ఇష్టదైవాన్ని తలుచుకుంటూ ఉంటే, మాస్టారు పక్కన కూర్చుని సగం నోటితో, సగం ఆ బ్రేకుతో బండి నడిపిస్తారు. ఇన్నేళ్ళలో ఆ కారు ఒంటిమీద గోటిగీత పడలేదు. ఆ ఘనతంతా కుడికాలిదే. చిక్కల్లా ఏమిటంటే, ఆ కాలికి డ్యూటీ దిగడం తెలీదు. బస్సులో టికెట్టు కొనుక్కుని కూర్చున్నా, మలుపొస్తే నేలని తొక్కుతుంది. ఇంట్లో సినిమా చూస్తున్నప్పుడు తెరమీద లారీ అడ్డమొస్తే తివాచీని తొక్కుతుంది. సొంత కారు భార్య నడుపుతుంటే ఇక చెప్పనక్కర్లేదు. పక్కన కూర్చుని తొక్కీ తొక్కీ, కాళ్ళకింది రబ్బరు పట్టాకి చిల్లు పెట్టారు మహానుభావుడు.

ఆ భార్య ఆస్పత్రిలో ఎక్స్‌రేలు తీస్తుంది. పొద్దున్నే కిటికీల్లేని గదిలోకి వెళ్ళి, వచ్చినవాళ్ళందరినీ చల్లటి పలకకి గుండె ఆనించి నిలబెట్టి, "ఊపిరి పీల్చండి... అలాగే బిగపట్టండి... అయిపోయింది, వదిలేయండి" అంటూ సాయంత్రం చేస్తుంది. ఎంతటి మోతుబరికైనా లోపల ఉండేవి అవే పక్కటెముకలని రోజూ కళ్ళారా చూస్తుంది కాబట్టి, ఆమెకి మనుషులంటే బెరుకు పోయింది. రాళ్ళెక్కే క్లబ్బులో చిన్నా పెద్దా అందరూ ఆమెని ఎక్స్‌రే అక్క అంటారు. మనమూ అక్క అనే అనుకుందాం.

పట్నం చివర ఇళ్ళు అయిపోయాక రాళ్ళ రాజ్యం మొదలవుతుంది. అంతా గ్రానైటు. ఇంటంత రాళ్ళు, ఏనుగంత రాళ్ళు, ఎవరో ఒకదానిమీద ఒకటి పేర్చి, వేరే పని తగిలి వెళ్ళిపోయినట్టున్న రాళ్ళు. ఒకప్పుడు ఎవరో రాజులు కోటకి కావలసిన రాయంతా ఇక్కడే కొట్టించుకున్నారు. రాజులు పోయారు, కోట పోయింది, నడుమెత్తు గోడ ఒకటి మిగిలింది. రాయి కొట్టినవాళ్ళ గుర్తులు మాత్రం నిన్న సాయంత్రం పని ఆపి ఇంటికెళ్ళినట్టే ఉంటాయి. బండని చీల్చడానికి వరసగా తొలిచిన గుంతలు, సగం చెక్కి వదిలేసిన స్తంభం, సుత్తి దెబ్బలకి తెల్లబడిన అంచులు. సెలవు రోజున జనం వస్తారు. నున్నటి బండ చూసి పిల్లలు జారుతారు, టోపీలు పెట్టుకుని పెద్దవాళ్ళు నడుస్తారు, కొత్తగా పెళ్ళయినవాళ్ళు ఫోటోలు దిగుతారు. తాళ్ళు భుజాన వేసుకుని క్లబ్బువాళ్ళు వస్తారు.

ఈ క్లబ్బుకి రెండు పట్టింపులున్నాయి. పాతవాళ్ళు తొలిచిన గుంతల్లో వేలు పెట్టకూడదన్నది మొదటిది. "రాయిని పట్టుకుని ఎక్కండి. ఎవడో చెమటోడ్చిన పనిని పట్టుకుని ఎక్కకండి" అనేది కుర్చీ పిన్ని. పిన్ని అందరికంటే పెద్దది. మోకాళ్ళు సహకరించినన్నాళ్ళూ ఎక్కని రాయి లేదు. ఇప్పుడు మడత కుర్చీ తెచ్చుకుని, గొడుగు వేసుకుని, బైనాక్యులర్ మెడలో తగిలించుకుని కింద కూర్చుంటుంది. ఆమె సరేనంటే సరే, కాదంటే కాదు.

రెండో పట్టింపు జోడీ. ఒకరెక్కితే ఒకరు తాడు పడతారు. ఆ ఇద్దరూ జోడీ. పరీక్షకి నిలబడితే ఇద్దరూ కలిసే నిలబడాలి, చివరి నిమిషంలో ఇంకొకరిని అరువు తెచ్చుకోకూడదు. తాడు పట్టేవాళ్ళు సరిగా లేకపోతే ఎక్కేవాళ్ళ గొప్ప ఏ మూలకీ రాదని పిన్ని సిద్ధాంతం.

అక్కా మాస్టారూ పెళ్ళయిన కొత్తలోనే జోడీ అయ్యారు. ముందు మాస్టారు ఎక్కేవారు. కింద నిలబడి, ఆయన పైకి పోయేకొద్దీ అక్క తాడు వదులుతూ ఉండేది. ఆయన పైకి చేరి కూర్చుని తాడు బిగించి పట్టుకుంటే, అప్పుడు అక్క ఎక్కేది. ఎన్ని రాళ్ళెక్కినా ఇదే వరస. పైన ఆయన, నడుమ తాడు, కింద ఈవిడ.

ఈ ఏడు క్లబ్బులో ఆడవాళ్ళకి విడిగా బృందం పెడదామనుకున్నారు. పేర్లిచ్చినవాళ్ళు బాగానే పోగయ్యారు. వాళ్ళని నడిపించే మనిషి ఏనుగు వీపు బండని అందరికంటే ముందుగా, పైనుంచి తాడు ఆసరా లేకుండా ఎక్కి చూపించాలి. అక్క చూపిస్తే బృందం అక్కది. చూపించలేకపోతే మాస్టారిది. మాస్టారి దగ్గర నేర్చుకోవడమంటే ఏమిటో అక్కకి ఎవరూ చెప్పనక్కర్లేదు, ఆవిడ కారు నేర్చుకుంది ఆయన దగ్గరే.

బృందం సంగతి అటుంచితే, అక్కకి అంతకంటే లోపలి కోరిక ఒకటుంది. ఇన్నేళ్ళూ ఏ రాయి చూసినా ఆమె కళ్ళముందు ఒక తాడు వేలాడుతూ ఉండేది. ముందు తాడు లేని బండని, ఉత్త బండని, ఒక్కసారి చూడాలి. ఆ కోరిక ఆకలిలాంటిది. ఎవరు ఎంత నచ్చజెప్పినా తీరదు.

ఆ ఆదివారం పొద్దున్నే అందరూ ఏనుగు వీపు కింద చేరారు. పేరుకి తగ్గట్టే అది వీపులా వంగి, బూడిదరంగులో, పట్టుకోడానికి ఒక్క గుబ్బ కూడా లేకుండా పైకి పోతుంది. పై మూడోవంతు మొదలయ్యేచోట, అడ్డంగా పాతవాళ్ళ గుంతల వరస ఉంది. చీల్చబోయి ఎందుకో మానుకున్నారు. బండకి అక్కడక్కడ క్లబ్బువాళ్ళు బిగించిన ఉక్కు రింగులున్నాయి. ఎక్కుతూ ఎక్కుతూ ఆ రింగులకి క్లిప్పు తగిలించి, క్లిప్పులోంచి తాడు పోనివ్వాలి. అదే రక్షణ. రింగు దాటి పైకి పోయాక జారితే మళ్ళీ ఆ రింగు కిందిదాకా జారాల్సిందే.

"ఏమ్మాయ్, రాత్రి నిద్రపట్టిందా?" అని అడిగింది పిన్ని కుర్చీ విప్పుకుంటూ.

"గుర్రుపెట్టి పడుకున్నా పిన్నీ. ఈయనకే పట్టినట్టు లేదు."

"నాకేం? హాయిగా పడుకున్నాను" అన్నారు మాస్టారు.

"హాయిగానే. మధ్యలో మెలకువొచ్చి చూస్తే మంచం చివర చెక్కని తొక్కుతూనే ఉన్నారు."

ఫ్లాస్కు మూత విప్పుతున్న ఆడపడుచు పకపకా నవ్వింది. మాస్టారి చెల్లెలు ఈమె. లైబ్రరీలో ఉద్యోగం. వారమంతా అక్కడ మూసుకున్న నోరు ఆదివారం తెరుస్తుంది. ఆడవాళ్ళ బృందంలో మొదటి పేరు ఆవిడదే.

"వదినా, నువ్వే గెలవాలి. అన్నయ్య చేతిలో పడితే నాకు రాయెక్కడం రాదు సరికదా, వచ్చిన నడక కూడా మర్చిపోతాను."

"చూశారా, ఇంట్లోనే శత్రువులు" అన్నారు మాస్టారు. నవ్వారుగానీ ఆ నవ్వు పెదాల దగ్గరే ఆగిపోయింది.

ఒకరి ముడి ఒకరు చూసుకున్నారు. అక్క నడుము పట్టీకి తాడు ముడి. మాస్టారి నడుము దగ్గర తాడు పోయే ఇనుప పరికరం. మాస్టారు ముడిని లాగి చూశారు, మళ్ళీ లాగి చూశారు, మూడోసారి కూడా లాగబోతే అక్క చేతిమీద ఒక్కటేసింది.

అక్క ఎక్కడం మొదలుపెట్టింది. ఇలాంటి బండ మీద చేతులకి పనుండదు. అంతా పాదాల మీదే. నిటారుగా నిలబడితే రబ్బరు బూటు బండకి అతుక్కుంటుంది. భయపడి బండని వాటేసుకోబోతే పాదం కిందనుంచి బరువు పోయి జర్రున జారుతుంది. ధైర్యంగా నిలబడ్డవాణ్ణి మోసి, పిరికివాణ్ణి పడేసే రాయి అది. అక్కకి ఆ రాయి స్వభావం నచ్చింది. ముందు తాడు లేదు. కళ్ళెదుట పొద్దుటి ఎండలో మిలమిలా మెరిసే రవ్వలు, వాటి పక్కన ఎక్కడినుంచో వచ్చిన ఒక చీమ, దాని పైన ఆకాశం. ఆమెకి నవ్వొచ్చింది. మొదటి రింగుకి క్లిప్పు తగిలించింది, పైకి నడిచింది. నడిచిందనే అనాలి, పాకలేదు.

రెండో రింగు చేతికందేంత దూరంలో ఉంది. ఒక్క అడుగు. కుడికాలు ఎత్తి పైన పెట్టి లేవబోయింది. నడుము దగ్గర ఎవరో వెనక్కి పట్టుకుని లాగినట్టయింది. తాడు బిగిసింది. కాలు ఇంకా కుదురుకోలేదు, ఒళ్ళు వెనక్కి తూలింది, అంతే. బండ మీద కూర్చున్నట్టు జారి, మోచెయ్యి గీరుకుని, మొదటి రింగు కింద తాడుకి వేలాడింది.

మాస్టారు గట్టిగానే పట్టుకున్నారు. అసలు గొడవంతా ఆ గట్టితనంతోనే వచ్చింది.

కిందికి దింపాక ఆడపడుచు మోచేతికి మందు రాసింది. పెద్ద దెబ్బేం కాదు, చర్మం లేచింది. పడటం తప్పు కాదు, అదే రోజు ఇంకోసారి ప్రయత్నించవచ్చు. పిన్ని బైనాక్యులర్ దించి అడిగింది.

"బండ పడేసిందా, తాడు పడేసిందా?"

అక్క ఒక్క క్షణం ఆలోచించింది. తాడని చెబితే ఆడలేక మద్దెల ఓడన్నట్టుంటుంది. బండని చెబితే అబద్ధమవుతుంది.

"తాడు" అంది.

మాస్టారు అగ్గిమీద గుగ్గిలమయ్యారు. "నేనేం చేశాను? వదులుతూనే ఉన్నాను. నువ్వే తొందరపడ్డావు."

"అన్నయ్యా, నీ పిడికిలి చూసుకో. ఇంకా తాడు పట్టుకునే ఉన్నావు. వదిన దిగొచ్చి మందు కూడా రాయించుకుంది" అంది ఆడపడుచు.

మాస్టారు చెయ్యి చూసుకున్నారు. నిజమే. వేళ్ళు తెల్లబడి ఉన్నాయి. తాడు కింద పడేసి, చెయ్యి ప్యాంటుకి తుడుచుకున్నారు.

"పట్టుకోవడం తప్పా? పట్టుకోబట్టేగా అక్కడాగింది?"

"పట్టుకోవడం తప్పు కాదండీ. నేను పడకముందే పట్టుకున్నారు, అదీ తప్పు."

తప్పెక్కడుందో అక్కకి అర్థమవుతూనే ఉంది. ఇన్నేళ్ళూ ఆయన పైన కూర్చుని తాడు పట్టారు. పైనుంచి పట్టేవాడు ఎంత బిగిస్తే అంత మేలు. ఇప్పుడు కింద నిలబడ్డారు. ఇక్కడ అడుగడుక్కీ వదులుతూ పోవాలి. వదలడమనేది ఆయన చేతికి ఎవరూ నేర్పలేదు. పైగా బతుకంతా బ్రేకు తొక్కి అన్నం తిన్న మనిషి. కాలికున్న అలవాటు మెల్లగా చేతికి పాకింది. అంతకంటే ఏం లేదు.

మాస్టారు అక్క పక్కకి వచ్చి కూర్చుని, గొంతు తగ్గించారు. "నా మాట విను. ఇవాళ్టికి నేను ముందెక్కి పైన కూర్చుంటాను. ఎప్పట్లాగే నువ్వు హాయిగా రా. పిన్నికి నేను చెప్పుకుంటాను. ఎందుకు చెప్పు, ఒంటికి ముప్పు తెచ్చుకోవడం?"

ఆ గొంతులో ప్రేమే ఉంది. అక్కకి కోపం రావడానికి అదే కారణం. ప్రేమ లేని మాటైతే తోసేసి లేచేది.

"హాయిగా ఎక్కాలని కాదండీ నేను వచ్చింది."

"మరి?"

"ముందు ఎక్కాలని."

అటునుంచి పిన్ని కేకేసింది. "అమ్మాయ్, ఇంకో దారుంది. జోడీ మార్చుకో. కాకపోతే కొత్త జోడీతో ఏడాది ఎక్కి, మళ్ళీ వచ్చే ఏడు నిలబడాలి. ఈలోగా బృందం మీ ఆయనే చూసుకుంటాడు."

"చంపావు పిన్నీ" అంది ఆడపడుచు. "అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు అన్నట్టుంది. ఏడాదంతా అన్నయ్య దగ్గరా?"

అక్క లేచి నిలబడింది. మోచెయ్యి మంటపెడుతోంది. పైన బండ ఎప్పట్లాగే ఉంది. ఆ బండ మీద ఆమెకి అనుమానం లేదు. పాదాల మీద లేదు. ఇక మిగిలింది ఈ మనిషి. ఈయన్ని మార్చేస్తే రేపటినుంచి బండలు ఎక్కొచ్చు, కానీ ఈయన ఇంటికెళ్ళి ఆ చేతిని చూసుకుంటూ కూర్చుంటారు. ఆ దృశ్యం అక్కకి బొత్తిగా నచ్చలేదు.

"జోడీ మార్చను పిన్నీ. ఈయనతోనే ఎక్కుతాను. ఇప్పుడే."

"మళ్ళీ లాగితే?" అన్నారు మాస్టారు. ఆ ప్రశ్న ఆయన తనని తానే అడిగినట్టుంది.

"లాగితే పడతాను. పడితే పట్టుకుంటారు. మూడో ముచ్చట లేదు. రండి."

ఈసారి చుట్టుపక్కల జనం కూడా ఆగారు. ఫోటోలు దిగే కొత్త జంట సెల్‌ఫోను దించి చూస్తోంది. అక్క మొదటి రింగు దాటింది. రెండో రింగు కిందికి చేరింది. తాడు అడుగడుక్కీ కాస్త పీకుతూనే ఉంది. ఆమె ముందే ఎదురుచూసింది కాబట్టి, ప్రతి అడుగుకీ ముందు చేత్తో తాడు కాస్త గుంజి, వచ్చినంత తీసుకుని, అప్పుడే కాలు లేపింది. ఇలా బేరమాడుతూ బేరమాడుతూ రెండో రింగుకి క్లిప్పు తగిలించింది. కింద ఆడపడుచు ఈల వేసింది.

అసలు చోటు ఆ పైన ఉంది. గుంతల వరస పక్కన బండ ఇంకాస్త నిక్కుతుంది. మూడో రింగు ఆ గుంతల ఎడమపక్కన. అక్క అక్కడికి చేరి, రెండు పాదాలూ నిలదొక్కుకుని, రింగుకి క్లిప్పు వేసింది. ఇక ఆ క్లిప్పులో తాడు పెట్టాలి. నడుము దగ్గరి తాడు పట్టుకుని పైకి గుంజింది. రాలేదు. మళ్ళీ గుంజింది. గోడకి కట్టేసినట్టుంది.

"ఏమండీ, తాడు!"

"వదిలాను!" కిందనుంచి కేక.

వదల్లేదు. అక్క పిక్కలు వణకడం మొదలెట్టాయి. ఇలాంటి బండ మీద కదులుతున్నంతసేపూ బాగుంటుంది, నిలబడితేనే కాలు బరువెక్కుతుంది. కుడిచేతి పక్కనే పాతవాళ్ళ గుంతలున్నాయి. లోతుగా, వేళ్ళకి కొలత తీసి తొలిచినట్టు, ఎవరో చాచిన చేతుల్లా. ఒక్క వేలు పెడితే చాలు, ప్రాణం కుదుటపడుతుంది. పిన్ని బైనాక్యులర్ ఆ చేతిమీదే ఉంటుందని అక్కకి తెలుసు. పిన్ని చూడకపోయినా పెట్టేది కాదు. ఇది తను ఎక్కుతున్న బండ, పాతవాళ్ళు మోసుకెళ్ళి ఎక్కించేది కాదు.

అడకత్తెరలో పోకచెక్కయింది పరిస్థితి. పైకి పోవాలంటే తాడు రాదు, కిందికి దిగాలంటే మనసు రాదు. అక్క చేతిని గుంతలవైపు పోనివ్వకుండా తొడ మీద పెట్టుకుని, మెల్లగా తల వంచి, రెండు పాదాల నడుమనుంచి కిందికి చూసింది.

మాస్టారు చిన్నగా కనిపించారు. తల పైకెత్తి ఉన్నారు. భుజాలు చెవులదాకా లేచాయి. మోచేతులు పక్కటెముకలకి అతుక్కుపోయాయి. బుగ్గలు ఉబ్బి ఉన్నాయి. అక్కకి ఆ వాలకం చూడగానే అంతా బోధపడింది. రోజూ చూసే వాలకమే. పలకకి ఆనించి ఊపిరి బిగపట్టమంటే, ఫోటో తీయడం అయిపోయినా, బట్టలు వేసుకోమన్నా, కొందరు అలాగే నిలబడి ఉంటారు. వదలమంటే వదిలామంటారు. నిజంగానే వదిలామనుకుంటారు. అలాంటివాళ్ళని కసిరితే ఇంకా బిగుసుకుంటారు.

అక్క గొంతు మార్చింది. ఇంటి గొంతు వదిలేసి, ఆ కిటికీల్లేని గదిలో వాడే గొంతు తీసింది. తొందరలేని, ఎదురుచెప్పడానికి వీల్లేని గొంతు.

"ఏమండీ, నావైపు చూడండి. తాడు సంగతి మర్చిపోండి. ఊపిరి పీల్చండి."

"ఇప్పుడా?"

"ఇప్పుడే. నిండా పీల్చండి."

కింద ఎవరో నవ్వారు. మాస్టారు పీల్చారు. ఇంతసేపూ ఆయన ఊపిరి తీయనేలేదని అక్కడున్న అందరికీ తెలిసిపోయింది.

"ఇక వదిలేయండి. అలా కాదు, నోరు తెరిచి. ఇంకా ఉంది లోపల, అంతా వదిలేయండి. ఆఁ. మళ్ళీ ఒకసారి."

రెండోసారికి భుజాలు చెవులనుంచి దిగాయి. భుజాలు దిగితే మోచేతులు ఒంటిని వదిలాయి. మోచేతులు సడలితే పిడికిలి ఎంతసేపని ఒంటరిగా బిగుసుకుని ఉంటుంది? మాస్టారు కొత్తగా చూసినట్టు తన చేతిని చూసుకున్నారు. ఎడమచేత్తో తాడు పైకి తోశారు. కుడిచేత్తో మళ్ళీ అందుకున్నారు.

అక్క పట్టుకున్న తాడు మెత్తగా పైకి వచ్చింది. క్లిప్పులో పెట్టింది. టక్కుమని మూసుకుంది.

"ఇంకా కావాలా?" అని కేకేశారు మాస్టారు.

"ఇస్తూనే ఉండండి!"

ఇచ్చారు. ఆ తరవాత అక్క ఎక్కడా ఆగలేదు. గుంతల వరస పక్కనుంచి, వాటికి గోరు కూడా తగలనివ్వకుండా నడిచి, వంపు మీదికి చేరి, నిటారుగా నిలబడింది. పైన గాలి బాగా వీస్తోంది. ఎదురుగా రాళ్ళ గుట్టలు, వాటి మధ్య కోట మిగిల్చిన గోడముక్క, దూరంగా పట్నం మేడలు. చూడటానికి ఏ తాడూ అడ్డం లేదు. అక్కకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. సంతోషమొస్తే సంతోషపడే మనిషే కాబట్టి, తుడుచుకోకుండా కాసేపు అలాగే ఉంది.

ఆ తరవాత పని మొదలెట్టింది. పైనున్న జంట రింగులకి తనని తాను కట్టేసుకుని, కూర్చుని, కాళ్ళు తన్నిపెట్టి, మిగిలిన తాడంతా పైకి లాగింది. జోడీ మొత్తం పైకి చేరితేగానీ పరీక్ష అయినట్టు కాదు.

"రండి!" అని కేకేసింది.

మాస్టారు బయల్దేరారు. ఇన్నేళ్ళలో ఆయన ఏ రాయినీ రెండోవాడిగా ఎక్కలేదు. ఆయన ముందు తాడుంది, ఆ తాడు పైన భార్య ఉంది. మొదట్లో చకచకా వచ్చారు. గుంతల దగ్గరికొచ్చి ఆగిపోయారు. అంతసేపు అక్కడ నిలబడి అక్క ఏం చేసిందో ఇప్పుడు ఆయన పిక్కలకి తెలిసినట్టుంది. తలెత్తి చూశారు. గొంతు సవరించుకున్నారు.

"ఏమోయ్... కాస్త బిగించు."

అక్క బిగించింది. ఎగతాళి చేయలేదు. కింద ఆడపడుచు ఉండబట్టలేక ఏదో అంది, గాలికి వినబడలేదు.

మాస్టారు పైకి చేరి, ముడి విప్పుకోకుండానే అక్క పక్కన కూలబడ్డారు. కింద కుర్చీ పిన్ని లేచి నిలబడి గొడుగు మూసింది. మూసిన గొడుగుని రెండుసార్లు గాల్లోకి ఎత్తింది. పేర్లిచ్చిన ఆడవాళ్ళంతా ఒక్కసారి చప్పట్లు కొట్టారు. పిన్ని తీర్పు అదే. బృందం అక్కదే.

అక్క చెయ్యి ఊపింది. మాస్టారు కూడా ఊపారు. ఆయన కిందికి, గుంతలవైపు చూస్తున్నారు.

"నువ్వు పడతావని భయపడ్డాననుకుంటున్నావు కదూ?" అన్నారు ఉన్నట్టుండి.

"కాదా?"

"నీ కాళ్ళ సంగతి నాకు తెలుసు. నువ్వు పడవు. ఒకవేళ పడితే నేను పట్టుకోగలనా అని... అదీ భయం. కారులో ఎవరేం చేసినా బ్రేకు నా దగ్గరుంటుంది. ఇక్కడ నువ్వు పైకి పోతున్నకొద్దీ నా చేతిలో ఉన్నది ఉత్త తాడేనా అనిపించింది. తాడు ఇంత వదులుతుంటే అంత ప్రాణం పోయింది. కిందుండటం ఇలా ఉంటుందని నాకు తెలీదు."

అక్క ఆయన మొహంలోకి చూసింది. "నేనెక్కడున్నానండీ ఇన్నేళ్ళూ?"

మాస్టారికి వెంటనే తట్టలేదు. తట్టాక, ఆయన చూపు నెమ్మదిగా ఒక్కో గుట్ట మీదికీ వెళ్ళింది. అటు పొడుగు బండ, ఇటు రెండు తలల రాయి, ఆ వెనక పగులు గుట్ట. అన్నిటిమీదా ముందు ఆయనే ఎక్కారు. ఏ ఒక్కదాని మీదా తాడు బిగుసుకున్న గుర్తు లేదు. అడిగినప్పుడల్లా, అడక్కముందే, మెత్తగా వచ్చేది.

"నీకూ ఇలాగే భయమేసేదా?"

"వేసేది."

"ప్రతిసారీ?"

"ప్రతిసారీ."

"ఒక్కసారైనా చెప్పలేదేం?"

"చెబితే మీరెక్కేవారా?"

"ఎక్కేవాణ్ణి కాదు" అన్నారు మాస్టారు.